అరువు ఆయాసం

పట్టీ మెడకి చుట్టుకున్న కాసేపటికే మొదటి విద్యార్థి దాన్ని పీకేసి కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. రెండో వాడు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. మూడో వాడు వీళ్ళిద్దర్నీ చూసి, తనకి పరీక్షలున్న సంగతి గుర్తు తెచ్చుకుని వెళ్ళిపోయాడు. ఇక ఎవర్ని పిలవాలా అని ఆలోచిస్తే హైమవతికి మొగుడు గుర్తొచ్చాడు.

హైమవతి వైద్య పరికరాల ఇంజనీరు. విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఒక ఛాతీ ఆసుపత్రి వెనక, రెండు గదుల ప్రయోగశాల ఆమెది. ఆమెదీ, ఊపిరితిత్తుల డాక్టరు ఇమ్మానియేలుదీ. ఆమె భర్త సన్యాసిరావు ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు. పెళ్ళికి ముందు జిల్లా కబడ్డీ జట్టుకి ఆడేవాడు. అతను కూతకెళితే అవతలి వాళ్ళు అతని కాళ్ళకేసి చూసేవారు కాదు, ఊపిరి ఎప్పుడు తెగుతుందా అని నోటికేసి చూసేవారు. ఆ పేరు పెట్టుకుని పెళ్ళెలా చేసుకున్నావని ఎవరైనా అడిగితే, "మా ఆవిడ పేరు చూసి సన్యాసం వాయిదా వేసీసేను" అనేవాడు.

ఎండాకాలం సెలవులు కాబట్టి ఖాళీగానే ఉన్నాడు.

"నా ఊపిరితో నీకేటి పని?" అన్నాడు ప్రయోగశాల గుమ్మంలోనే.

"మీ ఊపిరి నాకేం వద్దు. దాంట్లో ఇంకొకరి ఆయాసం పోస్తాను. ఎలా ఉందో మీరు చెప్పాలి."

"అంటుకుంటాదా?"

"అంటుకోదు. మీకు గాలి మామూలుగానే ఆడుతుంది. ఆడనట్టు అనిపిస్తుంది, అంతే."

"అంతే అంటావేటి, అక్కడ ఒకబ్బాయి నేల మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు."

తోడుపట్టీ అని దానికి పేరు పెట్టింది హైమవతే. మెత్తటి గుడ్డలో కుట్టిన రెండు పట్టీలు. ఒకటి రోగి మెడకి, ఒకటి వినేవారి మెడకి. మెడ పక్కగా దిగే నరాల మీదుగా గుండె, ఊపిరితిత్తులు మెదడుకి చెప్పుకునే మాటలన్నీ రోగి పట్టీ పట్టుకుంటుంది. వినేవారి పట్టీ వాటినే ఇంకో మెడలోకి పంపుతుంది. రక్తం మారదు, గాలి మారదు. బాధ ఒక్కటే మనిషి మారుతుంది.

ఇది ఎందుకు చేసిందంటే, ఇమ్మానియేలు గారి బాధ పడలేక. ఆయన దగ్గరికొచ్చే వాళ్ళందరూ చెప్పేది ఒకే మాట. ఆయాసం. ఉబ్బసం ఉన్నవాడిదీ ఆయాసమే, గుండె నీరసించినవాడిదీ ఆయాసమే, రక్తం తక్కువైనా, భయం ఎక్కువైనా, ఒళ్ళు బరువైనా అదే మాట. "ఎలా ఉంటుందమ్మా?" అని అడిగితే "ఆయాసంగా ఉంటుంది బాబూ" అంటారు. పరీక్షలు కొన్నింటిని పట్టుకుంటాయి. కొన్నింటిని పట్టుకునేలోపు నెలలు గడిచిపోతాయి.

సన్యాసిరావుకి ఎదురుగా కూర్చున్న మొదటి మనిషి ఆటో నడిపే కరీం. పట్టీ మీది చిన్న దీపం వెలగగానే సన్యాసిరావు కళ్ళు పెద్దవయ్యాయి. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ముందుకి వంగాడు. కరీం కూడా సరిగ్గా అలాగే కూర్చుని ఉన్నాడు.

"తీసేయమంటారా?" అంది హైమవతి.

అతను చెయ్యి ఊపాడు, వద్దని. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. "లోపలికి పోతోంది. బయటికే రావట్లేదు. బస్సు ఎక్కేవోళ్ళు ఎక్కుతున్నారు గాని, ఒక్కడూ దిగట్లేదు డాక్టరు గారూ."

ఇమ్మానియేలు గారు తెల్ల మీసం తడుముకుని నవ్వారు. "పాతికేళ్ళుగా మా పిల్లలకి ఉబ్బసం పాఠం చెబుతున్నాను మాస్టారూ. బస్సు నాకు తట్టలేదు."

కరీం మాత్రం నవ్వలేదు. సన్యాసిరావుకేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. "మీకు తెలిసిందా సార్, ఎలగుంటాదో?" అన్నాడు. తెలిసిందన్నాడు సన్యాసిరావు. కరీం లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఆ వేసవంతా సన్యాసిరావు రోజూ కొండెక్కి వచ్చాడు. ఆకుకూరలమ్మే ఒకావిడ పట్టీ కట్టుకుంటే, ఛాతీలో ఏ ఇబ్బందీ లేదు, కాళ్ళే గాలి అడుగుతున్నాయి, పొయ్యి మీద అన్నం ఉండగా గ్యాసు అయిపోయినట్టుంది అన్నాడు. రక్తం తీసి చూస్తే ఆవిడలో ఉండాల్సినదాంట్లో సగమే ఉంది. ఒక రిటైరైన లైన్‌మ్యాన్‌కి ఏళ్ళ తరబడి ఉబ్బసం మందులిస్తున్నారు. సన్యాసిరావు తల అడ్డంగా తిప్పాడు. "ఉబ్బసం రెండు పక్కలా పడతాది. ఈయనకి ఎడంపక్క రోడ్డు ఖాళీగా ఉంది. కుడిపక్క ఏదో అడ్డం పెట్టినట్టుంది." గొట్టం వేసి చూస్తే కుడి ఊపిరితిత్తిలో వేరుశనగ పలుకు దొరికింది. ఎప్పుడో మనవరాలి పుట్టినరోజున నవ్వుతూ తిన్నదట. ఆయన దాన్ని సీసాలో పెట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళాడు, మనవరాలికి చూపించడానికి.

సీఏ చదువుతున్న ఒక అమ్మాయిని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. పరీక్షలన్నీ బాగున్నాయట. "ఎగ్గొట్టడానికి వేషాలండీ" అంది తల్లి. సన్యాసిరావు పట్టీ కట్టుకుని ఊపిరి మీద ఊపిరి పీల్చాడు.

"ఊపిరి నిండుగా అందుతోంది. చాలట్లేదు. ఎంత తిన్నా ఆకలి తీరనట్టు, ఇంకోటి, ఇంకోటి పీల్చాలనిపిస్తోంది. లోపల ఎవరో తరుముతున్నారు." తల్లికేసి తిరిగాడు. "ఈ పాప అబద్ధమాడట్లేదమ్మా. ఊపిరితిత్తుల్లో రోగం లేదు. అలాగని బాధ లేదనుకోకండి."

ఆ అమ్మాయి ఏడ్చింది. ఇమ్మానియేలు గారు ఆమెను వేరే డాక్టరు దగ్గరికి పంపారు, భయానికి వైద్యం చేసేవారి దగ్గరికి. వెళ్ళేటప్పుడు తల్లే బిడ్డ సంచీ మోసింది.

అందరిలోకీ సన్యాసిరావుకి గట్టిగా గుర్తుండిపోయింది చిలకమ్మ. పలాసలో జీడిపిక్కల పని చేసే పడుచుపిల్ల. కూర్చుంటే బాగానే ఉంటుంది. పడుకోమంటే పట్టీ ఇవతల సన్యాసిరావు దగ్గడం మొదలుపెట్టాడు. "తడి దుప్పటి లోపల ఆరేసినట్టు బరువుగా ఉంది. గుండె తొందరపడుతోంది గాని పని జరగట్లేదు. తూము పూడిపోతే కాలవలో నీళ్ళు వెనక్కి తన్నవా, అలగ." గుండెలో ఎడమ గదుల మధ్య ఉండే కవాటం సన్నబడిపోయిందని తేలింది. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరమొస్తే, గుండె మీద అది ఏళ్ళ తరవాత తీర్చుకునే కక్ష అని ఇమ్మానియేలు గారు చెప్పారు. బాగుచేయించుకుని చిలకమ్మ ఊరెళ్ళిపోయింది.

ఆ వేసవిలోనే హైమవతికి నెల తప్పింది. కోడలు కడుపుతో ఉందని తెలిసి భీమిలి నుంచి సన్యాసిరావు తల్లి అచ్చియ్యమ్మ వచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఊక పొయ్యి మీద ఇడ్లీ హోటలు నడిపిన మనిషి. రెండో అంతస్తులో ఉన్న ఇంటికి మెట్టు మెట్టుకీ ఆగుతూ, ప్రతి గుమ్మం ముందూ ఆ ఇంటివాళ్ళ యోగక్షేమాలు కనుక్కుంటూ ఎక్కేది. వచ్చిన వారంలోనే అపార్టుమెంటు మొత్తం ఆవిడకి తెలిసిపోయింది.

భోజనాల దగ్గర ప్రయోగశాల కబుర్లే. "ఈవేళ ఎవరి ఆయాసం తెచ్చేవురా?" అని అడిగేది కొడుకుని. సన్యాసిరావు నటించి చూపించేవాడు. అచ్చియ్యమ్మ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకునేది. "ఊర్లోవోళ్ళ ఊపిరంతా నువ్వే పీల్సీ, ఇంటికొచ్చి కూర బాలేదంటావు" అనేది.

బళ్ళు తెరిచారు. సన్యాసిరావు ఆడపిల్లల కబడ్డీ జట్టుకి కూత ఎలా పట్టాలో చూపించడానికి గీత దాటాడు. సగం కోర్టులో ఊపిరి తెగిపోయింది. పిల్లలు నవ్వారు, అతనూ నవ్వాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ తెగింది. ఈసారి పిల్లలు నవ్వలేదు.

ఇంటికొచ్చి చెప్పలేదు. కానీ మెట్ల మీద తల్లి పక్కన తనూ ఆగుతుంటే హైమవతి బాల్కనీలోంచి చూసింది. మర్నాడు ప్రయోగశాలకి తీసుకెళ్ళి అన్ని పరీక్షలూ చేసింది. ఊపిరితిత్తులు గుర్రానికున్నట్టున్నాయి. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంది. అయినా మెట్లెక్కితే కరీంలా వంగుతున్నాడు. పడుకుంటే చిలకమ్మలా దగ్గుతున్నాడు.

అతని మెడకి పట్టీ లేకుండానే ఆ బాధలు అతనిలో తిరుగుతున్నాయి. వచ్చిన ప్రతి ఆయాసం వెళుతూ వెళుతూ కొంచెం జాడ వదిలిపెట్టింది. అతని మెదడు వాటిని తన ఊపిరే అనుకోవడం నేర్చుకుంది.

హైమవతి స్టూలు మీద కూలబడింది. "అంటుకోదని నేనే చెప్పాను."

"నువ్వు రోగం అంటుకోదన్నావు. అంటుకోలేదు కదా" అన్నాడు సన్యాసిరావు.

"నవ్వకండి."

"నవ్వకపోతే ఇంకా ఆయాసంగా ఉంటాదే."

ఇమ్మానియేలు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇవాల్టి నుంచి ప్రయోగం ఆపేద్దాం. మాస్టారు పట్టీ ముట్టుకోకూడదు. వదిలేస్తే జాడ నెమ్మదిగా చెరిగిపోవచ్చు. ఇంకో గట్టి ఆయాసం దాని మీద పడిందో, ఇక ఉండిపోతుంది."

పట్టీలు బీరువాలోకి వెళ్ళాయి. సన్యాసిరావుకి నిజంగానే నెమ్మదించసాగింది. మెట్ల మీద ఒక అంతస్తు ఆగకుండా ఎక్కాడు. ఆ పూట అచ్చియ్యమ్మ పాయసం చేసింది.

ఇలా ఉండగా హైమవతికి ఆరో నెల వచ్చింది. కొండ మీదికి నడవడం మానేసి ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టింది. మాట్లాడుతూ మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునేది. కొండ కింద పెద్దాసుపత్రిలో ప్రసవాల డాక్టరమ్మ ఈ నెలల్లో ఇది మామూలే అంది. ఐరన్ బిళ్ళలు రాసింది. అచ్చియ్యమ్మా అదే మాట అంది. "కడుపులో బిడ్డ తన్నుకొస్తా ఉంటే ఊపిరాడతాదేటి? నాకు ముగ్గురికీ అంతే. మామూలేనమ్మా."

హైమవతికీ అదే నమ్మకం. సన్యాసిరావుకి మాత్రం ఒకటి నచ్చలేదు. ఆమె ఒక తలగడ మీద పడుకోవడం మానేసింది. రెండయ్యాయి. తరవాత అతని తలగడ కూడా లాక్కుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, దగ్గొచ్చి లేచి కూర్చుంది. పక్క గదిలో పేపరు చదువుతున్న సన్యాసిరావు ఆ దగ్గు విని పేపరు కింద పెట్టేశాడు. ఆ దగ్గు అతనికి తెలుసు. ఆ వేసవిలో తన గొంతులోంచే వచ్చింది.

"హైమా, రేపు పట్టీ కట్టుకుందాం."

"పిచ్చా? డాక్టరు గారు ఏమన్నారో మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. అందుకే ఒక్కసారే అంటున్నాను."

"గర్భంతో ఉన్నవాళ్ళందరికీ ఉండేదే ఇది. మీరు అన్నిట్లోనూ రోగం వెతుకుతున్నారు. అలవాటైపోయింది."

"అయితే గుండె స్కానింగు చేయించుకో."

"ఎందుకు? డాక్టరమ్మ చూసింది కదా. నెలాఖరులోపు ఈ జాడ సంగతి తేల్చి, ప్రయోగానికి డబ్బిస్తున్న పైవాళ్ళకి నివేదిక పంపాలి. మీ సంగతే తేల్చాలి నేను. నా కోసం తిరగడానికి తీరికేదీ?"

సన్యాసిరావు వచ్చి ఆమె వీపు వెనక తలగడలు సర్దాడు. తరవాత మెల్లగా అన్నాడు. "ముక్కూ మొహం తెలియనివోళ్ళ ఆయాసం వేసవంతా మోసేను. పెళ్ళాంది మొయ్యొద్దంటే ఎలగ?"

వంటింట్లోంచి అచ్చియ్యమ్మ వచ్చింది, చేతిలో గరిటెతో. "ఏటి, ఊపిరి కాడ కూడా దెబ్బలాటేనా?" విషయం విని కోడలి పక్కనే మంచం మీద కూర్చుంది. "వాడు మొండోడమ్మా. కట్టనీ. మామూలేనని వాడికే తెలుస్తాది, నోరు మూసుకుంటాడు."

అలా ఒప్పుకుంది హైమవతి, మామూలేనని రుజువు చేయడానికి.

ప్రయోగశాలలో ఇమ్మానియేలు గారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. సన్యాసిరావు వినలేదు. "కాసేపే. నేను చెయ్యి ఎత్తగానే మీరు తీసీండి." హైమవతి మెడకి తనే పట్టీ కట్టి, రెండోది తన మెడకి చుట్టుకున్నాడు. కూర్చున్నంతసేపూ ఏమీ అనలేదు. "పడుకో" అన్నాడు. ఆమె బల్ల మీద వెనక్కి వాలింది.

అతని మొహంలో రంగు మారింది. చెయ్యి ఎత్తలేదు. ఇమ్మానియేలు గారే వచ్చి పట్టీ ఊడదీశారు.

"చిలకమ్మది" అన్నాడు సన్యాసిరావు.

హైమవతి లేచి కూర్చుంది. "ఏంటి?"

"తూము పూడిపోయింది. అదే తడి దుప్పటి. అదే తొందర. చిలకమ్మ కంటే నీకే ఎక్కువ ఉంది. కడుపు బరువు కాదు ఇది. బిడ్డ ఎక్కడా లేదు ఇందులో."

ఇమ్మానియేలు గారు స్టెతస్కోపు అందుకున్నారు. ఎడమ పక్కకి తిరిగి పడుకోమన్నారు. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. లేచేసరికి ఆయన ముఖంలో నవ్వు లేదు. "చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరమొచ్చిందా అమ్మా?"

"ఏమో సార్. మూడో తరగతిలో అనుకుంటా, మోకాళ్ళు వాచి బడి మానేశాను. అమ్మ కాపడం పెట్టింది. తగ్గిపోయింది."

"తగ్గలేదు. ఆగింది."

ఆ సాయంత్రానికే గుండె స్కానింగు అయింది. కవాటం సన్నబడి ఉంది. ఇన్నాళ్ళూ అది ఎలాగో నెట్టుకొచ్చింది. కడుపులో బిడ్డ పెరిగి, ఒంట్లో రక్తం పెరిగేసరికి ఆ సన్నటి దారిన పోలేక ఊపిరితిత్తుల్లోకి వెనక్కి తన్నుతోంది. ప్రసవం దాకా ఇలాగే వదిలేస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని గుండె డాక్టరు నెమ్మదిగా, దాచకుండా చెప్పాడు. తొడ రక్తనాళం గుండా సన్నటి తీగ పంపి, కవాటం దగ్గర బెలూను ఉబ్బించి దారి వెడల్పు చేస్తారు. బిడ్డకి ఎక్స్‌రేలు తగలకుండా పొట్ట మీద సీసపు తెర కప్పుతారు.

"బెలూనా?" అంది అచ్చియ్యమ్మ. "పుట్టినరోజుకి కట్టేదా?"

"అలాంటిదేనమ్మా" అన్నాడు గుండె డాక్టరు. "పుట్టడానికే ఇది."

అచ్చియ్యమ్మ నవ్వబోయి ఆగిపోయింది. బయటికొచ్చాక బెంచీ మీద కోడలి పక్కన కూర్చుని ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. "మామూలేనని అన్నాను నాను."

"నేనూ అన్నాను అత్తయ్యా."

బెలూను వేసిన రోజు హైమవతికి మత్తు పూర్తిగా ఇవ్వలేదు. బల్ల మీద పడుకుని తెర మీద తన గుండెనే చూస్తూ ఉంది. చిన్న నీడ ఉబ్బింది, తగ్గింది. మళ్ళీ ఉబ్బింది, తగ్గింది. తరవాత ఏమైందో ఆమెకి వెంటనే అర్థం కాలేదు. గదిలో ఎవరో కిటికీ తెరిచారేమో అనుకుంది. ఆ గదికి కిటికీల్లేవు. వెల్లకిలా పడుకుని ఉంది, దగ్గు రాలేదు. ఆమె నవ్వింది. కదలకండి అని నర్సు కోప్పడింది.

వార్డులోకి తెచ్చాక సన్యాసిరావు లోపలికొచ్చాడు. మంచం దాకా నడిచేసరికే మంచం కమ్మీ పట్టుకున్నాడు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. పక్కనున్న కుర్చీలో కూర్చుని, వెనక్కి వాలలేక నిటారుగానే ఉన్నాడు. హైమవతి కళ్ళార్పకుండా చూసింది. తను వారాల తరబడి ఎలా కూర్చుందో, ఎలా ఊపిరి తీసుకుందో అచ్చంగా అలాగే ఉన్నాడు. ఆమెలోంచి పోయింది అతనిలో మిగిలింది.

"మీకు ఉండిపోయింది" అంది.

"ఉంటే ఉంది. పరాయిదా ఏటి" అన్నాడు.

ఆమె ఆలోచనలో పడింది. కాసేపటికి ఇమ్మానియేలు గారు చూడ్డానికి వచ్చారు. ఆయన కూర్చోకముందే అడిగింది. "సార్, మనం ఇన్నాళ్ళూ పట్టీ ఎవరికి కట్టాం?"

"రోగులకి."

"నయమయ్యాక ఎవరికైనా కట్టామా?"

"నయమైనవాళ్ళు ఇంటికెళ్ళిపోతారు కదమ్మా. వాళ్ళకెందుకు?"

"బాధ ఆ దారిన వెళ్ళి జాడ వదిలితే, సుఖం కూడా వెళ్ళాలి కదా. నాకు ఇప్పుడే నయమైంది. ఇంత హాయి మళ్ళీ రేపటికి ఉండదు, అలవాటైపోతుంది. పట్టీలు తెప్పించండి."

ఇమ్మానియేలు గారు డెబ్బై ఏళ్ళకి దగ్గర పడుతున్న మనిషి. ఆయనే లేచి కొండెక్కి వెళ్ళి పట్టీలు తెచ్చారు.

సన్యాసిరావు పట్టీ కట్టుకుని, అలవాటు ప్రకారం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. పట్టీ వెలిగింది. అతని భుజాలు కొద్దికొద్దిగా దిగాయి. వీపు కుర్చీకి ఆనింది.

"ఎలా ఉంది మాస్టారూ?" అన్నారు ఇమ్మానియేలు గారు.

ప్రతి ఆయాసానికీ ఒక పోలిక చెప్పిన మనిషి ఈసారి తడుముకున్నాడు. "ఏమీ లేదండి" అన్నాడు చివరికి. "ఊపిరి ఉన్న సంగతే తెలియట్లేదు."

ఒక్కసారికే అంతా పోలేదు. హైమవతి ఇంటికొచ్చాక కూడా రోజూ కాసేపు ఇద్దరూ పట్టీలు కట్టుకుని కూర్చునేవారు, అచ్చియ్యమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే. కబురు వెళ్ళిందని కరీం వచ్చాడు. మందు సరిగ్గా పీలుస్తున్నాడేమో, తేటగా ఉన్నాడు. ఆటో కింద ఆపి పైకొచ్చి, తన ఊపిరి కూడా కొంచెం తీసుకోమన్నాడు. పలాస నుంచి చిలకమ్మ జీడిపప్పు పొట్లంతో వచ్చింది. వేరుశనగ పలుకు ఆయన ఫోను చేసి, తను కాశీలో ఉన్నాననీ, రాగానే వస్తాననీ చెప్పాడు. ఒక్కొక్కరి ఊపిరీ తగిలినప్పుడు సన్యాసిరావులో వాళ్ళ వాళ్ళ జాడ కొంత చెరిగింది. హైమవతిది మాత్రం పూర్తిగా పోలేదు. కోర్టులో అతని కూత ఇదివరకంత సాగదు. పిల్లల్లో ఒక పొడుగు పిల్ల ఇప్పుడు అతని కంటే ఎక్కువసేపు పడుతోంది. ఆ సంగతి ఊరంతా చెప్పుకు తిరిగాడు.

హైమవతి పంపిన నివేదికలో జాడ గురించి ఉన్నదున్నట్టు రాసింది. వినేవారు మారుతూ ఉండాలనీ, నయమైన ప్రతి మనిషీ ఒకసారి వెనక్కొచ్చి తన ఊపిరి ఇచ్చిపోవాలనీ షరతు పెట్టింది. ఎవరూ వెనక్కి రారని పైవాళ్ళు అన్నారు. అందరూ వచ్చారు. నయమైనవాళ్ళ కోసం ఆసుపత్రిలో ఒక బెంచీ వేయాల్సొచ్చింది.

పుష్య మాసంలో ఆడపిల్ల పుట్టింది. కాన్పు తేలిగ్గానే అయింది. ప్రసవం గది బయట సన్యాసిరావు, తనకీ ఒక పట్టీ ఇమ్మని నర్సులను బతిమాలి చివాట్లు తిన్నాడు.

ఒకరోజు సాయంత్రం ఇమ్మానియేలు గారు పాపని చూడ్డానికి ఇంటికొచ్చారు. మెడలో స్టెతస్కోపు అలాగే ఉంది, ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు. పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. సన్యాసిరావు వంతు అప్పుడే అయ్యింది, పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు. హైమవతి తన మెడ పట్టీ ఇంకా విప్పలేదు.

అచ్చియ్యమ్మ కాఫీ గ్లాసులు పెట్టి, బల్ల మీది పట్టీకేసి చూసింది. "అందరూ కట్టుకున్నారు. నాకే ఎవరూ కట్టలేదు."

"మీకెందుకత్తయ్యా?"

"ఎందుకేటి, ముచ్చట. నా కోడలి ఊపిరి ఎలగుందో నాను సూడకూడదా?"

సన్యాసిరావు నవ్వుతూ తల్లి మెడకి పట్టీ చుట్టాడు. "కదలకు. ఏమీ అనిపించదు. బాగుంటాది, అంతే."

పట్టీ వెలిగింది. అచ్చియ్యమ్మ నవ్వు మొహంతోనే ఉంది మొదట. తరవాత ఆ నవ్వు అలా ఆగిపోయింది. చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. గదిలో ఏదో వినబడుతున్నట్టు తల పక్కకి వాల్చింది.

"అమ్మా, తీసీమంటావా?" అన్నాడు సన్యాసిరావు కంగారుగా.

"ఉండరా." కోడలికేసి తిరిగింది. "ఓలమ్మా, ఇలగుంటాదేటి ఊపిరి? అందరికీ ఇలగేనా?"

హైమవతి మెల్లగా అంది. "అందరికీ ఇలాగే అత్తయ్యా. మీకు ఇలా ఉండదా?"

"నాకెప్పుడూ ఇంత ఖాళీగా లేదు. మా అమ్మకీ లేదు, నా తోడబుట్టిన అప్పకీ లేదు. పొయ్యి కాడ పొగలో పడుండే ఆడోళ్ళకి ఊపిరంటే పట్టి పట్టి లాక్కోడమే అనుకున్నాను. మెట్లంటే ఆగడమే అనుకున్నాను. మామూలే అనుకున్నానమ్మా."

సన్యాసిరావు తల్లి పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. ఊర్లో అందరి ఆయాసమూ మెడకి కట్టుకున్నాడు. ఈవిడది ఒక్కసారీ కట్టుకోలేదు. మెట్ల మీద ఆమె ప్రతి గుమ్మం ముందూ ఆగి పలకరించడం ఆమె సరదా అనుకున్నాడు.

ఇమ్మానియేలు గారు కాఫీ పక్కన పెట్టి లేచారు. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంటూ దగ్గరికొచ్చారు. "అమ్మా, పొగ వల్ల వచ్చేది ఇది. పూర్తిగా పోదు గాని పీల్చే మందులున్నాయి, చాలావరకు తేలికపడుతుంది. ఒకసారి ఇటు తిరిగి కూర్చోండి, వీపు చూస్తాను."

అచ్చియ్యమ్మ ఆయన చెయ్యి పక్కకి నెట్టింది. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలింది.

"మీరు తరవాత సూద్దురు గాని బాబూ. ముందు నన్ను కాసేపు ఊపిరి పీల్సుకోనీండి."